కొడుకు మీద కేసు వద్దంటుంది తల్లి. మరి చూస్తూ ఊరుకోవాలా?

ఒడిశాలో తెలుగువాళ్ళుండే పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో ఒక వీధిలో ముసలితల్లిని కొడుకు కొడుతున్నాడంటే ఆ సంగతి వీధికి తెలియకుండా ఉండదు. పక్కింటివాళ్ళకి తెలుసు. బీపీ చూడ్డానికి ఇంటింటికీ తిరిగే ఆశా దీదీకి తెలుసు. రేషను బియ్యం దగ్గర వరసలో నిలబడ్డ ఆడవాళ్ళకి తెలుసు. ప్రతి ఏడూ జూన్ 15న, ఐక్యరాజ్యసమితి 2011లో గుర్తించిన వృద్ధుల వేధింపుల అవగాహన దినం నాడు, ఆఫీసు గోడల మీద పోస్టర్లు అతికిస్తారు. వాటి మీద రాసేది ఒకటే: గుర్తించండి, ఫిర్యాదు చేయండి. గుర్తించడం అంత పెద్ద చిక్కు కాదు. గుర్తించిన మర్నాడు ఏం చేయాలన్నదే ఊళ్ళో పనిచేసే మనిషిని నిద్రపోనివ్వదు. ఆ మర్నాటి గురించే ఈ వ్యాసం.

ముందు లెక్కల సంగతి చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం అరవై దాటినవాళ్ళలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఏడాది కాలంలో ఏదో ఒక రకం వేధింపుకి గురవుతున్నారు. మన దేశంలో వయసు మళ్ళినవాళ్ళ మీద 2017–18లో జరిగిన ‘లాసి’ అనే పెద్ద సర్వేలో, అలా జరిగిందని చెప్పినవాళ్ళు సుమారు 5 శాతం. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి మన కుటుంబాలు ప్రపంచం కంటే మూడు రెట్లు మంచివని సంతోషపడటం తేలిక. నేనలా అనుకోను. సర్వే చేసేవాళ్ళు ఇంటికే వస్తారు. అడిగే ప్రశ్న గుమ్మంలో కూర్చున్న కోడలికీ వినిపిస్తుంది, చెప్పే జవాబూ వినిపిస్తుంది. ఆ రాత్రి అన్నం పెట్టాల్సింది ఆవిడే.

దెబ్బలు అందులో ఒక భాగమే. అవి కంటికి కనబడతాయి కాబట్టి వాటి గురించే మాట్లాడతాం. అయినా దెబ్బని చూసి చెప్పడం కూడా అనుకున్నంత సులువు కాదు. వయసు మీద పడ్డాక చర్మం పలచబడి, మంచం కోడు తగిలినా నల్లగా కమిలిపోతుంది. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళకి ఇంకా ఎక్కువ. కాబట్టి మచ్చ చూడగానే నిందవేయడమూ తప్పే, పడిపోయిందట అని నమ్మేసి వచ్చేయడమూ తప్పే. పడినప్పుడు ఏ చెయ్యి ఆనింది, ఎప్పుడు పడింది, ఆస్పత్రికి ఎన్ని రోజులకి తీసుకెళ్ళారు అని విడివిడిగా అడగాలి. తల్లి ఒకటి, కొడుకు ఒకటి చెప్తే అక్కడ ఆగాలి.

మిగతావి ఇంకా నిశ్శబ్దంగా జరుగుతాయి. పింఛను పుస్తకం కొడుకు దగ్గరుంటుంది. కళ్ళజోడు పగిలి ఏడాదైనా కొత్తది రాదు. మంచం వసారాలోకి, వసారాలోంచి పశువులశాల పక్కకి జరుగుతుంది. ముసలాయన మాట్లాడితే ఇంట్లో ఎవరూ బదులివ్వరు. వీటిలో ఏ ఒక్కటీ ఠాణాలో కేసవదు. అన్నీ కలిస్తే మనిషి కృశించిపోతాడు.

గజపతి జిల్లాలో ఒక ఇంటికి ఆశా దీదీ వెంట వెళ్ళినప్పుడు చూసింది చెప్తాను. దీదీది ఒడియా. పెద్దావిడకి తెలుగు తప్ప రాదు. మధ్యలో కూర్చుని మాట అటూ ఇటూ చేరవేస్తున్నది కొడుకు. నిన్న రాత్రి ఏం తిన్నావని దీదీ అడిగింది. గంజి తాగాను అంది పెద్దావిడ. అన్నం, పప్పు తిన్నది అని కొడుకు ఒడియాలో చెప్పాడు. చాలా మామూలుగా చెప్పాడు. రెండు భాషలూ వచ్చినవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది. దీదీ పుస్తకంలో మాత్రం భోజనం బాగానే ఉంది అనే ఎక్కేది. కానీ ఆ దీదీ గట్టిది. పాత మందుల చీటీలు అన్నీ వెతికి తెమ్మని కొడుకుని లోపలికి పంపింది. అతను వెళ్ళగానే పెద్దావిడ పక్కకి జరిగి, వచ్చీరాని తెలుగులో, ‘రాత్రి నీళ్ళు తాగినావా అమ్మా’ అంది. ‘నీల్లు ఎక్కువియ్యరు తల్లీ, రేత్రి లెగాల్సొత్తాదని’ అని వచ్చింది జవాబు.

ఆ ఒక్క మాటలో చాలా ఉంది. రాత్రిపూట ముసలివాళ్ళని లేపి బయటికి తీసుకెళ్ళడం కష్టమని, పక్క తడుపుతారని సాయంత్రం నుంచి నీళ్ళు తగ్గించే ఇళ్ళు ఉన్నాయి. చేసేవాళ్ళకి అది హింస అని తోచదు. ఒంట్లో నీరు తగ్గితే మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుంది, ముసలివాళ్ళలో ఆ ఇన్ఫెక్షన్ మతిని కూడా తారుమారు చేస్తుంది. అప్పుడు ‘ముసిల్దానికి మతి చెడింది’ అంటారు. ఆ మాట పడ్డాక ఇంక ఆవిడ ఏం చెప్పినా ఎవరూ నమ్మరు.

గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్, మల్కన్‌గిరి జిల్లాల్లో తెలుగువాళ్ళతో చేసే ఈ పనికి ఉన్న ప్రత్యేకమైన ఇబ్బంది ఇదే. ఒడిశా 1936 ఏప్రిల్ 1న వేరే ప్రాంతంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు చేరింది. తర్వాతి తరాలు ఒడియాలో చదువుకున్నాయి, ఆఫీసుల్లో ఒడియాలో మాట్లాడతాయి. ఎనభై దగ్గరపడ్డ అవ్వ మాత్రం ఇల్లు, వీధి, సరిహద్దు అవతలి పాతపట్నం సంత దాటి వెళ్ళలేదు, ఆవిడ బతుకంతా తెలుగులోనే గడిచింది. బయటి మనిషితో మాట్లాడాలంటే ఇంట్లోవాళ్ళే దిక్కు. ఎవరి చేతుల్లో బాధపడుతోందో వాళ్ళ నోటితోనే తన బాధ చెప్పుకోవాలి. మరే జిల్లాలోనైనా పెద్దవాళ్ళతో విడిగా మాట్లాడమని శిక్షణలో చెప్తారు. ఇక్కడ విడిగా కూర్చుంటే మాటే సాగదు. ఆ పనికి ఇంటివాళ్ళు కాని, తెలుగు వచ్చిన మూడో మనిషి కావాలి. ఆ మనిషి కొడుక్కి బంధువు కాకూడదు, అతనికి అప్పుపడి ఉండకూడదు, విన్నది వీధిలో చెప్పకూడదు. చిన్న ఊళ్ళో అలాంటి మనిషిని వెతకడమే సగం పని.

ఇక అసలు చిక్కుకి వద్దాం. అన్నీ తెలిశాక, మూడో మనిషి దొరికాక, నమ్మకం కుదిరాక పెద్దావిడ చెప్పేది ఇది: ‘నాకేటైంది బాబూ, నా కొడుకు బాగానే చూత్తన్నాడు. కేసూ గీసూ వద్దు.’

దీన్ని అమాయకత్వం అని కొట్టిపారేసేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది. ఆవిడ లెక్క ఆవిడకి ఉంది. రేపు రాత్రి ఆయాసం వస్తే ఆస్పత్రికి మోసుకెళ్ళాల్సింది ఆ కొడుకే. పోయాక కొరివి పెట్టాల్సింది ఆ కొడుకే. అతన్ని పోలీసులు తీసుకెళ్తే మనవడి ఫీజు కట్టేదెవరు? తనని వృద్ధాశ్రమంలో వేస్తారేమో. ప్రతి జిల్లాలో కనీసం 150 మందికి చోటు ఉండే ఆశ్రమం ఒకటైనా పెట్టవచ్చని చట్టంలో రాశారు గాని, అక్కడికి వెళ్ళినా చుట్టూ వినబడేది ఒడియాయే కదా. ఆవిడకి కావలసింది దెబ్బలు ఆగడం. కొడుకు పోకుండా ఆగడం. మన వ్యవస్థ దగ్గర ఉన్న పనిముట్లన్నీ కొడుకుని ఎదుటి పక్షంగా నిలబెట్టేవే.

అలాంటప్పుడు ఊళ్ళో పనిచేసేవాళ్ళు సాధారణంగా మూడు దారుల్లో ఒకటి పడతారు. ఒప్పించో ఒత్తిడి చేసో అర్జీ మీద వేలిముద్ర వేయిస్తారు. విచారణ రోజు ఆవిడ ‘నాకు తెలీదు, వాళ్ళే రాయించారు’ అంటుంది. లేదా ఆవిడే వద్దంది కదా అని పేరు కొట్టేస్తారు. అన్నిటికంటే ప్రమాదకరమైనది మూడోది: కొడుకుని పిలిచి నలుగురిలో మందలిస్తారు. కులపెద్దల ముందు తలదించుకున్న మనిషి ఇంటికెళ్ళి తలుపు వేశాక ఆ ఇంట్లో ఏం జరుగుతుందో ఊహించుకోండి. రాజీ చేయడం చెడ్డదని నేననను. రాజీ అయిన మర్నాడు ఒకసారి, వారానికి ఒకసారి వెళ్ళి చూసే మనిషి ముందే ఖరారు కాకపోతే మాత్రం ఆ రాజీ జోలికి పోకూడదు.

మతి స్థిమితంగా ఉన్న పెద్ద మనిషి కేసు వద్దంటే వద్దే. అది ఆవిడ హక్కు, వయసు వల్ల పోదు. కానీ కేసు వద్దంటే సాయమే వద్దన్నట్టు కాదు. కేసు లేకుండా చేయగలిగిన పని చాలా ఉంది. పింఛను పడే ఖాతా ఆవిడ ఒక్కదాని పేరు మీదే ఉందో లేదో చూడటం, పుస్తకం స్వయం సహాయక సంఘంలోని నమ్మకమైన ఒకావిడ దగ్గర పెట్టించడం, బీపీ పేరుతో వారం వారం వెళ్ళడం, మంచం పక్కన నీళ్ళ చెంబు ఉందో లేదో చూడటం, రాత్రిపూట కేక వేస్తే వచ్చే పొరుగింటివాళ్ళతో మాట తీసుకోవడం. వృద్ధుల కోసం దేశమంతటికీ ఉన్న ఉచిత ఫోను నంబరు 14567ని ఆవిడ దాచుకోగలిగే చోట రాసి పెట్టడం. ఇలా కొన్ని నెలలు గడిచాక తనే కేసు వేద్దామని అడిగినవాళ్ళూ ఉన్నారు. ఎన్నటికీ అడగనివాళ్ళూ ఉన్నారు.

వద్దన్నా ఆగకూడని సందర్భాలు వేరు. ఎముక విరిగినా, గదిలో పెట్టి గొళ్ళెం వేసినా, తిండి మానిపించినా, తన మంచిచెడ్డలు తను తేల్చుకోలేని స్థితిలో ఉన్నా సమ్మతి కోసం కూర్చోకూడదు. 112కి ఫోను, ముందు ఆస్పత్రి, తర్వాత మిగతావి. ఇక్కడ పోలీసుల తీరు గురించి ఒక మాట. చెంపదెబ్బలాంటి మామూలు గాయం మీద మేజిస్ట్రేటు అనుమతి లేకుండా దర్యాప్తు మొదలుపెట్టే అధికారం పోలీసులకి లేదు. ‘ఇది మీ ఇంటి గొడవ’ అని పంపేయడం వెనక నిర్లక్ష్యంతో పాటు ఈ కారణమూ ఉంది. గదిలో బంధించడం అలా కాదు, దానికి నేరుగా కేసు కట్టవచ్చు. అందుకే ఠాణాకి వెళ్ళినప్పుడు ‘కొట్టాడు’ అన్న ఒక్క మాటతో ఆగకుండా జరిగిందంతా వరసగా చెప్పించాలి. చాలాసార్లు గొళ్ళెం సంగతి చివర్లో, వెళ్ళిపోబోతూ చెప్తారు.

2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం పేరు అందరూ వినే ఉంటారు. అందులో ఏముందో, ఏం లేదో తెలియకపోవడం వల్ల ఎందరో ఆశపడి నిరాశపడుతున్నారు. అది ప్రధానంగా డబ్బుకి సంబంధించిన చట్టం. పోషించని పిల్లల నుంచి నెలకి ఇంత అని ఇప్పించడం దాని పని, ఆ మొత్తం కూడా 10,000 రూపాయలకి మించకూడదు. వేధింపు అన్న మాటకి అందులో నిర్వచనమే లేదు. పిల్లలంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు. కోడలూ అల్లుడూ ఆ జాబితాలో లేరు. ఈ లోటు పూడ్చడానికి 2019 డిసెంబరులో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు.

అయినా ఆ చట్టంలో వాడుకోగలిగింది చాలా ఉంది. ఈ అర్జీలు విని తేల్చేది ట్రిబ్యునల్, ఒడిశాలో ట్రిబ్యునల్ అంటే సబ్ కలెక్టర్. కోర్టు కాదు, వకీలు అక్కర్లేదు. అర్జీ పెద్దవాళ్ళే ఇవ్వనక్కర్లేదు. వాళ్ళకి చేతకాకపోతే వాళ్ళు ఒప్పుకున్న మనిషో సంస్థో ఇవ్వవచ్చు, ట్రిబ్యునల్ తనంత తానుగా కూడా చేపట్టవచ్చు. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి, మరీ తప్పకపోతే ఇంకో 30 రోజులు. ఈలోగా మధ్యంతర పోషణ ఇవ్వమనవచ్చు. విచారణకి ముందు ఒక రాజీ అధికారికి అప్పగించే వీలుంది, ఆయన నెలలోపు తేల్చి చెప్పాలి. పెద్దవాళ్ళు కోరితే వాళ్ళ తరఫున పోషణ అధికారి నిలబడాలి. కాగితం మీద ఇది పేదవాళ్ళకి అనుకూలంగా రాసిన చట్టమే. సబ్ కలెక్టరుకి ఎన్నికల పని, భూమి తగాదాలు, తుపాను సహాయం అన్నీ ఉంటాయి, వాటి మధ్యలో ముసలివాళ్ళ అర్జీ ఒకటి. వాయిదా పడిందంటే రాయగడ కొండల మీంచి దిగి వచ్చిన పెద్దాయనకి ఒక రోజు కూలి, రాను పోను ఆటో ఖర్చు పోయినట్టే. పైగా ఆ రాత్రి మళ్ళీ ఆ ఇంటికే వెళ్ళాలి. అర్జీ ఇచ్చిన రోజుకీ ఉత్తర్వు వచ్చిన రోజుకీ మధ్య పెద్దవాళ్ళు ఎక్కడ తలదాచుకోవాలి అన్నదానికి ఆ చట్టంలో ఆచరణకి పనికొచ్చే జవాబు నాకు కనబడలేదు.

ఆస్తి రాసిచ్చిన ఇళ్ళలో 23వ సెక్షను కీలకం. చూసుకుంటారన్న షరతు మీద ఆస్తి రాసిస్తే, తర్వాత చూసుకోకపోతే ఆ దస్తావేజు రద్దు చేయవచ్చు. మన దఖలు దస్తావేజుల్లో ‘ప్రేమాభిమానాల చేత’ అని రాస్తారు గాని షరతు రాయరు. ఆ షరతు ఉందని రుజువు కాకపోతే రద్దు చేయడానికి వీల్లేదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో ఇంకో తీర్పులో, ఈ చట్టం ముసలివాళ్ళ మేలు కోసం పెట్టింది కాబట్టి ఉదారంగా చదవాలనీ, ట్రిబ్యునల్ ఇల్లు ఖాళీ చేయించి స్వాధీనం కూడా ఇప్పించవచ్చనీ చెప్పింది. కానీ నన్నడిగితే ఈ విషయంలో ఊరి కార్యకర్త చేయగలిగిన గొప్ప పని దస్తావేజుకి ముందే ఉంది. రిజిస్ట్రారు ఆఫీసుకి బండి కట్టకముందే వెళ్ళి, ‘నన్ను, నా భార్యని బతికినంత కాలం పోషించే షరతు మీద’ అన్న ఒక్క వాక్యం రాయించడం. ఆ వాక్యం ఉన్న దస్తావేజుతో వచ్చిన పెద్దాయనకీ లేకుండా వచ్చిన పెద్దాయనకీ ట్రిబ్యునల్ ముందు చాలా తేడా ఉంటుంది.

ఆడవాళ్ళకి 2005 నాటి గృహహింస చట్టం అనే ఇంకో దారి ఉంది. అది కోడళ్ళ కోసమే అనుకుంటారు చాలామంది, తల్లీ అత్తా కూడా వాడుకోవచ్చు. 2016లో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు తర్వాత కోడలి మీద, కూతురి మీద కూడా ఫిర్యాదు చేయవచ్చు. మగవాళ్ళకి మాత్రం ఆ దారి లేదు. కొడుకు చేతిలో దెబ్బలు తినే ముసలాయన బయట చెప్పుకోడు, చెప్పుకున్నా వినేవాళ్ళు తక్కువ. నేను చూసినంతలో అందరికంటే ఒంటరివాళ్ళు వాళ్ళే.

ఇంట్లో అందరూ కొట్టేవాళ్ళూ తినేవాళ్ళుగా తేలిగ్గా విడిపోతే ఈ పని ఇంత కష్టం కాదు. తాగి వచ్చిన కొడుకు మొదట భార్యని కొడతాడు, అడ్డం వచ్చిన తల్లిని తర్వాత కొడతాడు. అత్తకి నీళ్ళు ఇవ్వని కోడలు పొద్దున నాలుగింటికి లేచి, పనికి వెళ్ళి, పక్కబట్టలు ఉతికి, అరక్షణం కూర్చోని మనిషి కావచ్చు. ఆ కోడలి మీద ఒకప్పుడు అత్త చేసిన పెత్తనం ఆవిడ మరిచిపోయి ఉండకపోవచ్చు. ముసలివాళ్ళ చట్టం కింద ఇల్లు ఖాళీ చేయించే ఉత్తర్వుతో కోడలిని వీధిలో పెట్టడానికి వీల్లేదని, గృహహింస చట్టం ఆమెకిచ్చిన నివాస హక్కుని పక్కన పెట్టలేమని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. నాకది న్యాయంగానే తోస్తుంది. కొడుకే తల్లి పేరుతో భార్యని గెంటించే ఎత్తు వేసే ఇళ్ళలో ఆ తీర్పు అవసరం. కార్యకర్త ఆ ఇంట్లో అత్తతో పాటు కోడలితోనూ కూర్చుని మాట్లాడాలి. మధ్యాహ్నం రెండు గంటలు ఎవరైనా అత్తని చూసుకునే ఏర్పాటు జరిగితే నీళ్ళ చెంబు మంచం పక్కకి చేరిన ఇళ్ళు నాకు తెలుసు.

మతిమరుపు జబ్బు ఇంకో ముడి వేస్తుంది. మన దేశంలో అరవై దాటినవాళ్ళలో 7.4 శాతానికి డిమెన్షియా ఉందని అంచనా, సుమారు 88 లక్షల మంది. ఆ జబ్బులో ‘నా డబ్బు ఎత్తుకుపోయారు, నాకు అన్నం పెట్టలేదు’ అనడం ఒక లక్షణం. నిజంగా డబ్బు పోయిన మనిషి కూడా ఆ మాటే అంటుంది. పైగా ఆ జబ్బు ఉన్నవాళ్ళనే దోచుకోవడం సులువు కాబట్టి రెండూ ఒకే ఇంట్లో జరగవచ్చు. మనిషి మాటతో తేలదు. బ్యాంకు పుస్తకం చూడాలి, బరువు చూడాలి, నెలనెలా చూడాలి. జబ్బుతో ఉన్న మనిషి చెప్పింది జబ్బు మాటే అని ముందే తీర్మానించేసే అధికారులతో పోట్లాడక తప్పదు.

ఇక సరిహద్దు తెచ్చే చిక్కులు. ఆంధ్రలో 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను నెలకి 4,000 రూపాయలు. ఒడిశాలో ఎనభై నిండనివాళ్ళకి వచ్చేది అందులో నాలుగో వంతు. మధ్యలో మహేంద్రతనయ నది పక్కన ఒక రోడ్డు. అవతల కూతురి ఇంటి రేషను కార్డులో పేరుండి, ఇవతల కొడుకు ఇంట్లో ఉండే తల్లులు ఉన్నారు. ఒకటో తేదీకి వేలిముద్ర కోసం అటు తీసుకెళ్తారు, డబ్బు చేతులు మారుతుంది, మళ్ళీ ఇటు దించుతారు. ఆ తల్లికి ఒడిశాలో ఫిర్యాదు చేయాలంటే భయం: ‘నీ కార్డు అక్కడిది కదా, పింఛను పోతుంది’ అని ఇంట్లో బెదిరిస్తారు. ఈ బెదిరింపుకి చట్టంలో సూటి జవాబు ఉంది. పెద్దవాళ్ళు ఉంటున్న చోట, అంతకుముందు ఉన్న చోట, లేదా పిల్లలు ఉంటున్న చోట, ఏ జిల్లాలోనైనా పోషణ అర్జీ వేయవచ్చు. అక్కడ అడిగేది నివాసం, కార్డు కాదు. కొడుకు విశాఖపట్నంలో ఉన్నా పర్లాకిమిడి సబ్ కలెక్టరు ఉత్తర్వు ఇవ్వవచ్చు. డబ్బు కట్టకపోతే ఆ ఉత్తర్వు నకలు పట్టుకుని కొడుకు ఉన్న చోటి ట్రిబ్యునల్ దగ్గరికి వెళ్తే వాళ్ళు అమలు చేయించాలి. నకలుకి రుసుము లేదు. ఈ సంగతి రెండు వైపుల ఆఫీసుల్లోనూ తెలియనివాళ్ళున్నారు. ‘అది ఒడిశా కేసు’ అని అటువాళ్ళు, ‘కొడుకు ఆంధ్రలో ఉన్నాడు’ అని ఇటువాళ్ళు పంపేస్తుంటే, చట్టం 6వ సెక్షను, 11వ సెక్షను కాగితం మీద రాసి చేతికిచ్చి పంపాలి.

సరిహద్దు దాటి పెళ్ళయిన కూతుళ్ళే చాలా కేసుల్లో మొదట నోరు విప్పేవాళ్ళు. తల్లి ఒంటి మీద మచ్చ పండగకి వచ్చినప్పుడు చూస్తారు. వాళ్ళు నోరు తెరవగానే ‘ఆస్తిలో వాటా కోసం వచ్చింది’ అంటారు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ తర్వాత కూతురికి వాటా ఉంది కాబట్టి ఆ మాట ఊళ్ళో గట్టిగా అతుకుతుంది. నిజానికి కొన్నిచోట్ల కూతురే తల్లిని అడ్డం పెట్టుకుని అన్నతో తగాదా నడుపుతుంది. కార్యకర్తని రెండు పక్షాలూ తమ మనిషి చేసుకోవాలని చూస్తాయి. ఆస్తి ఊసు ఎత్తకుండా, ఆవిడ తిండి, మందు, భద్రత ఈ మూడే మాట్లాడతానని మొదటి రోజే చెప్పేసేవాళ్ళు కొంత నిలదొక్కుకుంటారు.

రాయగడ, గజపతి, కొరాపుట్ కొండల వైపు ఒంటరి ముసలి విధవల మీద చిల్లంగి, అంటే చేతబడి చేస్తున్నారన్న నింద వేయడం వేరే తీరు హింస. అక్కడ కొట్టేది కొడుకు ఒక్కడే కాదు, ఊరు. వెనక తరచూ భూమి ఉంటుంది. ఒడిశాలో దీని మీద 2013 నుంచి ప్రత్యేక చట్టం ఉంది. ఇలాంటి చోట రాజీ ప్రయత్నం అసలు చేయకూడదు, ఆవిడని ఆ రోజే ఊరు దాటించి పోలీసులకి చెప్పాలి.

ఇదంతా చేయమంటున్నది ఎవరిని? ఆశా దీదీని, అంగన్‌వాడీ కార్యకర్తని, న్యాయసేవల సంస్థ వాలంటీరుని, బ్లాకులో సామాజిక భద్రతా అధికారిని. మొదటి ఇద్దరి అసలు పని తల్లీబిడ్డల ఆరోగ్యం. వాళ్ళు ఆ ఊళ్ళోనే ఉంటారు. ఎవరి మీద మాట్లాడారో ఆ మనిషి సాయంత్రం చెరువు గట్టు మీద ఎదురవుతాడు. అతను వార్డు మెంబరు తమ్ముడైతే వీళ్ళ పని మీదే ఫిర్యాదు వెళ్తుంది. ఒంటరిగా వెళ్ళొద్దు అని చెప్పడం తేలిక, రెండో మనిషికి డబ్బు ఏ పద్దులోంచీ రాదు. ఎన్నిసార్లు వెళ్ళినా మారని ఇల్లు, చివరికి ఒకరోజు పోయిందన్న కబురు. ఆ కబురు విన్న రాత్రి ఆ దీదీతో మాట్లాడేందుకు ఎవరూ ఉండరు. వాళ్ళకి ప్రతి నెలా ఒకరోజు కలిసి కూర్చుని, పేర్లు చెప్పకుండా ఆ కేసుల గురించి మాట్లాడుకునే వీలు ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. పనిని కొలిచే తీరూ మారాలి. ఎన్ని అర్జీలు పెట్టించారు అని అడిగితే అర్జీలే వస్తాయి. పోయిన నెల చూసిన ఇంట్లో ఈ నెల ఆవిడ బరువు ఎంత, పుస్తకం ఎవరి దగ్గర ఉంది, మంచం ఎక్కడ ఉంది అని అడగాలి.

భాష సంగతిలో మాత్రం ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూడక్కర్లేదు. తన కష్టం గురించి ఏ అధికారికైనా ఆ రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నవించుకునే హక్కు రాజ్యాంగం 350వ అధికరణం ఇచ్చింది. గజపతిలో, గంజాంలో, రాయగడలో తెలుగు వాడుకలో ఉన్న భాషే. అర్జీలు రాసిపెట్టే మొహరీరు ఒడియాలో రాసిన కాగితం మీద, అందులో ఏముందో తెలియకుండా వేలిముద్ర వేయించే అలవాటు ఆపి, అర్జీ తెలుగులోనే రాసి ఇవ్వవచ్చు. ఒడియాలోనే కావాలంటే ముద్ర వేసే ముందు తెలుగులో చదివి వినిపించి, వినిపించినవాళ్ళ పేరు, సంతకం కింద రాయించాలి. సబ్ కలెక్టరు ఆఫీసులో ఇంటివాళ్ళు కాని తెలుగు తెలిసినవాళ్ళ పేర్లు, నంబర్లు ఉన్న జాబితా ఒకటి గోడకి ఉండాలి. విచారణ రోజు కొడుకునే దుబాసీగా నిలబెట్టి తల్లి మాట వింటుంటే, అక్కడున్న కార్యకర్త లేచి అభ్యంతరం చెప్పాలి, ఆ అభ్యంతరం రికార్డులో రాయమని అడగాలి.